మూడు బొట్ల స్పానర్

ఇన్‌స్పెక్టర్ కామేశ్వరరావు చెయ్యెత్తి గడియారం చూసుకున్నాడు.

"తొమ్మిదీ నలభై. సాయంత్రం నాలుగింటికి జమ్మలమడుగులో మేజిస్ట్రేటు గారి ముందు ముద్దాయి తన నోటితో తానే నేరం ఒప్పుకుంటాడు. ఒకసారి ఆయన కలంతో కాగితం మీద పడిందంటే మీరు కాదు, బ్రహ్మదేవుడు దిగివచ్చినా చెరపలేడు. ఈలోగా ఈ షెడ్డులో మీకేం దొరుకుతుందో వెతుక్కోండి, డిటెక్టివ్ గారూ. నేను అడ్డు చెప్పను."

అడ్డు చెప్పనంటూనే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఎనిమిది నెలలైంది. ఈ సీమలో నేరం జరగడం వింత కాదని, జరక్కపోతేనే వింతని ఆయన గట్టి నమ్మకం.

వేదవ్యాస ఆయన్ను ఒరుసుకుంటూ లోపలికి వెళ్ళాడు. కడప కోర్టులో పదేళ్ళు గుమాస్తాగా సాక్షుల మాటలు రాసీ రాసీ, అబద్ధం చెప్పేవాడి గొంతు ఎక్కడ తడబడుతుందో చెవితో పట్టే విద్య అబ్బింది అతనికి. ఆ విద్యను నమ్ముకునే ఉద్యోగం వదిలి డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాడు. కానీ ఈ కేసులో అబద్ధం చెబుతున్నవాడు నన్ను ఉరి తీయండని బతిమాలుతున్నాడు. అటువంటివాణ్ణి ఎలా కాపాడాలో ఏ కోర్టూ అతనికి నేర్పలేదు.

జరిగింది చెప్పుకోవడానికి నాలుగు ముక్కలే. నిన్న సోమవారం, విజయదశమి. పొద్దున ఆరూ యాభైకి ప్రొద్దుటూరులోని ఈ షెడ్డు నుంచి రేసు కారు బయటికి వెళ్ళింది. ఏడు గంటలకు జమ్మలమడుగు రోడ్డులో ఏడో మైలురాయి దగ్గర, మలుపులో తిరగకుండా నేరుగా పోయి చింతచెట్టును కొట్టుకుంది. తోలుతున్న ఓబులేసు అక్కడికక్కడే పోయాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, ఈ జట్టుకున్న ఒక్కగానొక్క డ్రైవరు. స్టీరింగు కడ్డీని ఎడమ ముందు చక్రానికి బిగించే నట్టు లేదు. నట్టు జారకుండా అడ్డంగా గుచ్చే పిన్నూ లేదు. నట్టు ఎక్కే మర మాత్రం చెక్కుచెదరలేదు. అంటే అది ఊడిపోయింది కాదు, ఎవరో స్పానర్ పెట్టి విప్పి తీసుకుపోయారు.

మధ్యాహ్నానికి మెకానిక్ అల్లాబక్ష్‌ను పట్టుకుపోయారు. దీపాలు పెట్టే వేళకు వాడు "నేనే తీసినా" అన్నాడు. అంతకు ముందే, వాణ్ణి పట్టుకుపోయిన వెంటనే, షెడ్డు యజమాని ఆదినారాయణ "వాడు కాదు, నా తల మీద ఒట్టు, వెంటనే రండి" అని వేదవ్యాసకు తంతి కొట్టి, బావమరిది ఓబులేసు శవాన్ని తీసుకుని భార్యతో సహా అత్తగారి ఊరు పులివెందులకు వెళ్ళిపోయాడు.

గోడ నిండా ఆ ఆదినారాయణ ఫొటోలే. సింహాద్రిపురం పక్క రైతుబిడ్డ. శనక్కాయల పంటమ్మి పాత ఇంగ్లీషు రేసు కారు కొన్నప్పుడు, ఎద్దులు కొనాల్సినోడు ఇనుము కొన్నాడని ఊరంతా నవ్వింది. మద్రాసు పక్కన షోలవరం విమానాల మైదానంలో మూడేళ్ళు వరసగా కప్పు తెచ్చేసరికి, నవ్విన నాపచేనే పండిందని అదే ఊరు దండలు వేసింది. యాభై ఆరులో కారు పల్టీ కొట్టి ఎడమ మోకాలు నుజ్జయింది. ఇనుప కట్టు కట్టుకుంటే గానీ క్లచ్చి తొక్కలేని కాలు మిగిలింది. ఇంకొకడైతే కప్పులు తుడుచుకుంటూ కూర్చునేవాడు. ఆదినారాయణ జట్టు పెట్టాడు. బావమరిదికి తోలడం నేర్పాడు. ఆ తర్వాతి ఫొటోల్లో అతని కళ్ళకు గాగుల్సు లేవు, మెడలో నల్ల తాడుకు వేలాడే స్టాపువాచీ, చేతిలో సుద్దముక్క ఉన్నాయి.

ఆ సుద్దముక్క ఊరికే లేదు. మేనేజరుగా ఆదినారాయణకు ఒక పట్టుదల ఉంది. అల్లాబక్ష్ బిగించిన ప్రతి నట్టునూ తను వేళ్ళతో తాకి చూస్తాడు. చూశాక పలక మీద రాస్తాడు. ఆదివారం పలక ఇంకా గోడకే ఉంది: నాలుగు గంటలు, ఎడమ స్టీరింగు నట్టు, పిన్ను, సరే.

"కాబట్టి ఆదివారం నాలుగింటికి నట్టు ఉంది," అన్నాడు వేదవ్యాస.

"ఉంది. ఐదింటికి ఆయుధపూజ. ఆరింటికి తాళం. తాళం చెవులు రెండు. ఒకటి ఆదినారాయణ ఇంట్లో మేకుకు. రెండోది అల్లాబక్ష్ మొలతాడుకు." ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడిచాడు. "అష్టమి నాడు ఇంజను సరిగా చేయలేదని ఓబులేసు పదిమందిలో వాడి చెంప పగలగొట్టాడు. కారణం దొరికింది, చెవి దొరికింది, ఒప్పుకోలూ దొరికింది. ఇంకేం కావాలండీ మీకు?"

"స్పానర్ కావాలి."

"అవిగో."

పక్కగోడ వెంబడి బల్ల మీద పద్నాలుగు స్పానర్లు, సుత్తులు, జాకీలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి ముందు వాడిపోయిన బంతిపూలు, ఎండిన కొబ్బరిచిప్పలు. ఈ వైపు షెడ్లలో ఒక కట్టడి ఉంది. నవమి సాయంత్రం పూజలో పెట్టిన పనిముట్టును దశమి నాడు మళ్ళీ హారతి ఇచ్చి కదిలించేదాకా ఎవరూ ముట్టరు. దశమి పొద్దున ముందు బండి చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఒక తిప్పు తిప్పి తీసుకొచ్చాకే పనిముట్లు లేపుతారు. ఆ ఒక్క పొద్దు మాత్రం బండిని ఏ చేయీ తడిమి చూడకుండానే రోడ్డెక్కిస్తారు. సంవత్సరంలో మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ ఆదినారాయణ వేళ్ళు ఆ నట్టును తాకేవి. ఆ పని చేసినవాళ్ళు ఈ సంగతి తెలిసి చేశారా, తెలియక చేశారా అన్నదే వేదవ్యాసకు అంతుపట్టడం లేదు.

"పూజ తర్వాత ఎవరైనా స్పానర్ పట్టుకుంటే బొట్టు చెరిగిపోవాలి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒక్కటీ చెరగలేదు. నిన్ననే చూశాను. అంటే పూజకు ముందే, నాలుగుకూ ఐదుకూ మధ్య, ఆదినారాయణ స్నానానికి వెళ్ళినప్పుడు వాడు విప్పాడు. మీరు ఎంత వెతికితే వాడి మెడకు ఉచ్చు అంత బిగుస్తుంది."

నిజమే. ఆ మాటలో లోపం లేదు. వేదవ్యాస బల్ల మీదికి వంగి ఒక్కొక్క స్పానర్‌నూ చూస్తూ పోయాడు. గంధం చుక్క, దాని మీద కుంకుమ. గంధం చుక్క, దాని మీద కుంకుమ. ఒకటి, రెండు, ఐదు, ఎనిమిది. తొమ్మిదోదాని దగ్గర ఆగాడు.

ముప్పాతిక అంగుళం స్పానర్. దాని మీద గంధం లేదు. ఈ కొస నుంచి ఆ కొసదాకా పలచగా పసుపు పూసి ఉంది. పసుపు మీద సమానమైన ఎడంతో మూడు కుంకుమ బొట్లు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఇది చూడండి."

కామేశ్వరరావు వంగి చూసి, నిటారుగా లేచాడు. "బొట్టు ఉంది కదా."

"మూడున్నాయి. మిగతా వాటికి ఒకటే. ఇది గంధం కాదు, పసుపు. దీన్ని ఎవరో వాడారు. వాడాక బొట్టు చెరిగింది. పూజలో పెట్టిన వస్తువును బోడిగా వదలడానికి చేతులు రాక, మళ్ళీ అలంకరించారు."

"బాగుంది! హత్య చేసినవాడు భక్తిగా బొట్టు పెట్టి వెళ్ళాడు. మా ట్రెయినింగులో బొట్లు లెక్కపెట్టే శాస్త్రం నేర్పలేదండీ." ఇన్‌స్పెక్టర్ నవ్వి, అంతలోనే నవ్వు ఆపాడు. "సరే, మీకూ ఒక అవకాశం. ఆ మూడు బొట్లు ఎవరు పెట్టారో ఆ మనిషిని నాలుగు లోపల మేజిస్ట్రేటు గారి ముందు నిలబెట్టండి. మనిషి రావాలి, నట్టు రావాలి. మీ చీటీలు, మీ ఊహలు, టెలిఫోను కబుర్లు పనికిరావు. వస్తే నేనే ముద్దాయికి సంకెళ్ళు తీస్తాను. రాకపోతే మీరు కడప బస్సెక్కండి. స్పానర్ మాత్రం సీలులో ఉంటుంది, ముట్టుకోకండి."

వేదవ్యాస గాలి కోసం షెడ్డు వెనక తలుపు తీశాడు. చిన్న వాకిలి దాటితే ఆదినారాయణ ఇంటి పెరటి గుమ్మం. తలుపుకు తాళం. పండగకు ఒత్తుగా పసుపు పూసిన గడప. ఆ గడప మీద సమానమైన ఎడంతో మూడు కుంకుమ బొట్లు.

అతను వంగి ఆ బొట్లను మళ్ళీ లెక్కపెట్టాడు. మగవాడి చేతికి బొట్టంటే ఒక చుక్క. శుక్రవారం శుక్రవారం గడపలు అలంకరించే చేతికి, పొడుగ్గా కనబడిన ప్రతిదీ గడపే. మసక చీకట్లో ఆ చెయ్యి తనకు అలవాటైన పనే చేసి పోయింది. ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి ఒక్కతే, ఆదినారాయణ భార్య తిరుపాలమ్మ. చచ్చిపోయినవాడు ఆమె తోడబుట్టినవాడు.

ఇన్‌స్పెక్టర్‌కు ఈ మాట చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఎవరు అన్నది తెలిసింది గానీ ఎందుకు అన్నది తెలియలేదు. తమ్ముణ్ణి చేతులారా పెంచిన అక్క ఎందుకు చేస్తుంది?

బాడుగ కారు జమ్మలమడుగు చేరేసరికి పదకొండూ యాభై. పోలీసు స్టేషను వసారాలో అల్లాబక్ష్ భార్య ఖమ్రున్నీసా కూర్చుని ఉంది. పక్కన అన్నం గిన్నె, దాని మీద కట్టిన గుడ్డ విప్పలేదు.

"తినడంట సార్," అంది లేచి నిలబడి. "నిన్నటి నుంచి నా మొగం గూడా చూల్లేదు. చీమకు గూడా కీడు చేసే మనిషి కాదు. మీరన్నా అడగండి సార్, ఎవురి కోసరం ఇట్ల జేస్తాండావని."

ఎవరి కోసమో చేస్తున్నాడని ఆమెకే ముందు తట్టింది. చదువుకున్నవాళ్ళం మనకు ఆలస్యం.

అల్లాబక్ష్ ఊచల వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి, ఒక్క రాత్రిలో యాభై ఏళ్ళవాడిలా వంగిపోయాడు. కమిలిన చేతుల్లో నూనె మరకలు ఇంకా పోలేదు.

"నట్టు ఎప్పుడు తీసినావు?" అడిగాడు వేదవ్యాస.

"ఆదివారం సార్. నాలుగున్నరకు."

"నట్టు లేకుండా బండి ఏడు మైళ్ళు ఎట్లా పోయింది?"

అల్లాబక్ష్ కళ్ళలో ఒక్క క్షణం మెకానిక్ లేచి కూర్చున్నాడు. "ఆ కడ్డీ మొన సూదిగా ఉంటాది సార్, గూట్లో బిగుసుకొని కూచుంటాది. నట్టు ల్యాకున్నా పోతాది. పెద్ద గతుకు తగిలిందాకా ఇడ్సదు. కొత్తోళ్ళకు తెలీదు, నట్టు తీస్తే బండే కదల్దు అనుకుంటారు." ఆ మాట బయటికి వచ్చాక వాడి పెదాలు బిగుసుకున్నాయి.

"ఎవరనుకుంటారు అట్లా?"

"ఎవురో ఒకరు. నాకేం తెలుసు."

"నట్టు ఏం చేసినావు?"

"పెన్నలో ఇసిరేసినా."

"ఏ స్పానర్‌తో విప్పినావు?"

"ముప్పాతిక దాంతో."

"పూజకు వాటికి గంధం పెట్టింది నువ్వేనంట కదా. ముప్పాతిక దానికి ఎన్ని బొట్లు పెట్టినావు?"

"అన్నిటికీ ఒకటే సార్."

"ఇప్పుడు దానికి మూడున్నాయి, అల్లాబక్ష్. పసుపు కూడా ఉంది."

వాడు గబుక్కున లేచి వచ్చి రెండు చేతులతో ఊచలు పట్టుకున్నాడు. గొంతు తగ్గించి, పిల్లవాడిలా బతిమాలాడు.

"తుడిచేయండి సార్. మీ కాళ్ళకు మొక్కుతా. పోలీసాయన సూసేలోపల అది తుడిచేయండి. నిన్న బండి కాడి నుంచి పరిగెత్తుకోని షెడ్డుకు వచ్చి నేను సూసినా. తుడుద్దామనుకునేలోపల జీపు వచ్చె."

"నువ్వు చేయని దానికి ఉరికంబం ఎక్కుతావా?"

"నా బిడ్డకు జొరమొచ్చి ఊగిసలాడుతాంటే మూడు వారాలు అక్క నిద్ర పోలేదు సార్. ఖమ్రున్నీసా సోలిపోతే ఆయమ్మే ఒళ్ళో ఏసుకోని కూచున్యాది. తమ్మున్ని సంపిన చెయ్యి అని లోకం అంటే అక్క బతుకుతాదా? ఆయమ్మ పోతే అన్న బతుకుతాడా? నేనొక్కన్ని పోతే సరిపోతాది."

"నీ బిడ్డ?"

అల్లాబక్ష్ ఊచల మీద నుదురు ఆనించాడు. వేదవ్యాస మాత్రం ఏం చెప్పగలడు? నిజం చెబితే ఒక ఇల్లు కూలుతుంది, చెప్పకపోతే ఇంకొక ఇల్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పదేళ్ళు కోర్టులో కూర్చున్నవాడికి న్యాయమంటే తక్కెడ అని తెలుసు. రెండు పళ్ళాల్లోనూ మనుషులే ఉంటే ఏం చేయాలో తెలియదు.

జమ్మలమడుగు నుంచి పులివెందులకు ముప్పై మూడు మైళ్ళు. బాడుగ కారు ముద్దనూరు రైలు గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడింది, కొండవాలు దగ్గర ఇంకో పావుగంట రొప్పింది. చివరికి పులివెందుల పొలిమేరలో ఇంజను ఉడికిపోయి, పొగలు కక్కి, ఇక కదలనని మొరాయించింది. వేదవ్యాస మిగతా దారి ఎండలో నడిచాడు. ఆదినారాయణ అత్త గురమ్మ ఇంటి అరుగు ఎక్కేసరికి రెండూ ముప్పై ఐదు.

అరుగు మీద ఆదినారాయణ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చావుకు వచ్చిన చుట్టాలు వసారా అవతల ఉన్నారు. మాసిన పంచె, మెడలో స్టాపువాచీ. దాన్ని నొక్కుతున్నాడు, ఆపుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. తను ఆ పని చేస్తున్నట్టు అతనికే తెలియదు.

"అల్లాబక్ష్‌ను ఇడిపించినారా సామీ?"

"ఇంకా లేదు. ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. నిన్న ఆ బండి తోలాల్సింది ఎవరు?"

ఆదినారాయణ స్టాపువాచీ నొక్కి పట్టుకున్నాడు. "నేనే. శనివారమే మా ఆమెకు చెప్పినా. మూడేండ్లు వాచీ పట్టుకోని రోడ్డు పక్కన నిలబడినా సామీ. జట్టు నాదే, బండి నాదే, గెలుపు గూడా నాదే అంటారు. కానీ బండి ముందర నించి దూసుకపోయినప్పుడల్లా నా పాణం దాని ఎనక పోతాది, ఒళ్ళు మాత్రం ఈడ నిలబడుంటాది. అది ఎవురికి చెప్పుకునేది? వచ్చే నెల షోలవరంలో నేనే తోలుదామనుకున్యా. దశమి పొద్దున మొదుటి తిప్పు నాదే అన్నా."

"ఆమె ఏమన్నారు?"

"ఏడ్చింది. కాళ్ళు పట్టుకున్యాది. డాక్టరు ఏమన్యాడో గురుతు చేసింది, ఇంకొక్క దెబ్బ తగిలితే కాలు కాదు, మనిషే ఉండడని. నేనిన్లేదు."

"మరి ఓబులేసు ఎట్లా ఎక్కినాడు?"

"నేను ఇంట్లో ఈ ఇనుప కట్టు కట్టుకుంటాండా. పది నిమిషాలు పడతాది దానికి. వాడొచ్చి, బావా ఏడున్నరకు రాహుకాలం వస్తాంది, నువ్వు కట్టుకునేలోపల శకునానికి నేనొక తిప్పు తిప్పుకొస్తా, తర్వాత నువ్వు తోలుదువులే అని పాయె." అతను వాచీ మీద నుంచి వేలు తీశాడు. "పాయె సామీ. నా సావు వాడు సచ్చినాడు. అందుకే షోలవరానికి నేనే పోతా. వాని పేరు మీద తోల్తా. పోతే పోతి."

తలుపు వెనక గాజులు కదిలాయి.

తిరుపాలమ్మ బయటికి వచ్చింది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. ఆమె వెనకే తల్లి గురమ్మ గడప పట్టుకుని నిలబడింది. వేదవ్యాస ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆమె అతని చేతిలో ఒక చిన్న గుడ్డమూట పెట్టింది. లోపల నట్టు, పిన్ను ఉన్నాయి.

"అల్లాబక్ష్ ఒప్పుకున్యాడని ఇప్పుడే బస్సులో వచ్చినోళ్ళు చెప్పిరి సామీ. వాడు కాదు. నేను."

ఆదినారాయణ తలెత్తి చూశాడు. అర్థం కాలేదు అతనికి.

"ఆదివారం దీపాలు పెట్టే పొద్దుకు మొగోళ్ళంతా దసరా ఊరేగింపు చూడబోయిరి. మేకున్న చెవి తీసుకోని షెడ్డుకు పోతి. పోయిన ఎండాకాలం ఆ కడ్డీ ఊడదీసి పెట్టినప్పుడు బండి ఆరు దినాలు కదల్లేదు, మద్రాసు నుంచి సామాను వచ్చిందాకా. ఈ తూరి గూడా అట్లే పడుంటాదిలే అనుకుంటి. పండగ దాటితే ఈయనకు మనసు మారతాదిలే అనుకుంటి. అల్లాబక్ష్ విప్పుతాంటే ఎన్ని తూర్లు చూసింటి! వాని మాదిరే చేస్తి. దశమి పొద్దున్నే గుడికి పోతి, ఇంట్లో ఉంటే నా మొగం చూసి ఈయన పసిగడతాడని. బండి కదల్దు గదా అని ధైర్యంగా అమ్మవారి ముందర కూచుంటి సామీ. ప్రసాదం తీసుకోని వస్తే షెడ్డు ఖాళీగా ఉంది."

మొగుణ్ణి బతికించుకోవాలని చేసిన పని తమ్ముణ్ణి తీసుకుపోయింది. అందులో ద్రోహం లేదు, పగ లేదు, ఉన్నదంతా భయం. ఆ భయానికి శిక్ష వేయాలంటే ఏ సెక్షను చాలుతుందో వేదవ్యాసకు తెలియదు. అతనికి ఏడుపు వచ్చింది. ఏడవడానికి తనకేం హక్కుందని పళ్ళు బిగించి ఆపుకున్నాడు.

గురమ్మ గడప దిగి అతని దగ్గరికి వచ్చింది. "నిన్న కొడుకు పాయె. ఈ పొద్దు కూతుర్ని గూడా పంపీమంటావా నాయనా?"

వేదవ్యాస మూటను గుప్పిట్లో బిగించాడు.

"ఆయప్పనేం అడుగుతావు మా," అంది తిరుపాలమ్మ. "ఆడ అల్లాబక్ష్‌కు గూడా ఇంట్లో ఆడది ఉంది, బిడ్డ ఉంది. సామీ, ఎన్నింటి లోపల పోవల్ల?"

"నాలుగు లోపల. మేజిస్ట్రేటు ముందు వాడు నోరు విప్పకముందే." వేదవ్యాస గడియారం చూశాడు. రెండూ యాభై ఎనిమిది. "నా బాడుగ కారు చెడిపోయింది. పోస్టాఫీసు నుంచి ట్రంకాల్ పెట్టినా గంటకు గానీ కలవదు, కలిసినా ఇన్‌స్పెక్టర్ వినడు. మనిషే రావాలన్నాడు."

వాకిట్లో జట్టు సామాన్లు మోసే పెద్ద కారు ఉంది. ఆ ఇంట్లో దాన్ని తోలగలిగినవాడు ఒక్కడే మిగిలాడు.

తిరుపాలమ్మ మొగుడి ముందు నిలబడింది. "లెయ్. నువ్వే తోలాల."

ఆదినారాయణ ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. కోపమో, దుఃఖమో, జాలో వేదవ్యాసకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు. లేచాడు. ఇనుప కట్టు గోడవారనే ఉంది. పది నిమిషాలు పడుతుంది దానికి. దాన్ని అక్కడే వదిలేసి, కుంటుకుంటూ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తిరుపాలమ్మ అతని పక్కన కూర్చుంది. వేదవ్యాస నట్టు మూటను జేబులో పెట్టుకుని వెనక సీట్లోకి దూరాడు. మూడూ రెండుకు కారు కదిలింది.

క్లచ్చి తొక్కాల్సి వచ్చినప్పుడల్లా ఆదినారాయణ ఎడమ మోకాలిని చేత్తో కిందికి నొక్కుతున్నాడు. ఆ క్షణం స్టీరింగు మీద ఒక్క చెయ్యే ఉంటుంది. ఎదురుగా వచ్చిన ఎద్దులబండిని అలాగే ఒక్క చేత్తో తప్పించాడు. మామూలు మనిషికి గంటన్నర పట్టే దారి. అతని చేతుల కింద మైలురాళ్ళు వెనక్కి పరిగెడుతున్నాయి. షోలవరంలో వేలమంది లేచి నిలబడి చూసిన చేతులు అవేనని వేదవ్యాసకు తెలుస్తూనే ఉంది. కానీ అతను రోడ్డును చూడటం లేదు, రోడ్డు అవతల ఇంకెక్కడో చూస్తున్నాడు.

"ఆదినారాయణ గారూ, కొంచెం నిదానంగా," అన్నాడు వేదవ్యాస. "మనం చేరకపోతే అల్లాబక్ష్ పోయినట్టే."

కారు వేగం తగ్గలేదు. ఈ ఆరేళ్ళలో మొగుడు బండి ఎక్కిన ప్రతిసారీ నిదానంగా పొమ్మని చెప్పిన ఆడమనిషి కూడా ఆ మాట అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నేరుగా ముందుకు చూస్తోంది. వేదవ్యాస జేబు తడుముకున్నాడు. నట్టు తన జేబులో ఉంది. నేరం చేసినది ముందు సీట్లో ఉంది. ఈ కారుకు ఏదన్నా అయితే నాలుగు లోపల మేజిస్ట్రేటు ముందు నిజం చెప్పేవాళ్ళు ఎవరూ మిగలరు. అల్లాబక్ష్ సంతోషంగా ఉరికంబం ఎక్కుతాడు.

మూడూ ఇరవై తొమ్మిదికి ముద్దనూరు గేటు కనబడింది. గేటుమాను ఒక రెక్క అప్పుడే మూసి, రెండో రెక్క లాగుతున్నాడు. ఎడమ పక్క నుంచి మెయిలు రైలు కూత వినబడింది. ఆ గేటు పడితే ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు పోతే నాలుగు దాటుతుంది.

గేటుమాను ఎర్రజెండా ఎత్తి ఊపుతూ అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు. కారు వేగం చూపే ముల్లు అరవై దాటింది. ఆదినారాయణ కాలు బ్రేకు మీదికి రాలేదు.

వేదవ్యాస గొంతు చించుకుని అరిచాడు. ముందు కూర్చున్న ఇద్దరిలో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.